గెలిచింది అచ్చేశారు, కట్టింది ఏదీ?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం కాక ఆ ముందు ఆదివారం మీ అనుబంధంలో పోకర్ అనే పేకాట ఆడే మైఖేల్ మిజ్రాచి మీద రెండు పేజీల వ్యాసం వేశారు. దాని మీద ఎవరైనా గట్టిగా రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు. పైగా మొన్న పాఠకుల స్పందన అంటూ స్ఫూర్తిదాయకం, అద్భుతం అన్న ఉత్తరాలే వేశారు. మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ ఫొటో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు దాన్ని స్టేటస్‌గా పెట్టుకుంటున్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆయన గొప్ప ఆటగాడే, అందులో నాకు పేచీ లేదు. లాస్ వేగస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీల్లో 50,000 డాలర్ల ఎంట్రీ ఫీజు ఉండే పోకర్ ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌ను 2010, 2012, 2018, 2025లలో నాలుగుసార్లు గెలవడం, అదే 2025 వేసవిలో 9,735 ఎంట్రీలు వచ్చిన మెయిన్ ఈవెంట్ కూడా గెలిచి కోటి డాలర్లు అందుకోవడం మాటలు కాదు. నా బాధల్లా మీ వ్యాసం మొదటి నుంచి చివరిదాకా గెలిచిన అంకెలతోనే నిండిపోయిందని. పోకర్ వార్తల్లో కనిపించే ప్రైజ్ మనీ టోర్నమెంటు వాళ్ళు చేతికిచ్చిన మొత్తం మాత్రమే. ఏడాది పొడుగునా కట్టి పోగొట్టుకున్న ఎంట్రీ ఫీజులు అందులోంచి తీసేయరు. విమానం టికెట్లు, వారాల తరబడి హోటల్ గదులు, పన్నులు, ఏవీ తీసేయరు. అంతేకాదు, పెద్ద టోర్నమెంటుకు వెళ్ళే ఆటగాళ్ళు తమ ఎంట్రీలో వాటాలు ముందే అమ్ముకోవడం ఆ రంగంలో మామూలు. గెలిస్తే వాటాదారులకు పంచాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. జమ మాత్రం చూపించి ఖర్చు పేజీ చింపేసిన పుస్తకం తెస్తే ఎవరికీ అప్పు మంజూరు చేయలేదు. మీరు అలాంటి పుస్తకాన్నే లక్షల మంది పిల్లల చేతుల్లో పెట్టారు.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే మా మేనల్లుడు ఇదే దారిలో వెళ్ళాడు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధించాక బెంగళూరు చేరి ఆడిన మన కుర్రాళ్ళు కొందరున్నారు. వీడూ వాళ్ళలో ఒకడు. వైట్‌ఫీల్డ్‌లో మంచి ఉద్యోగం మానేశాడు. వాడు ఎంచుకున్నది అందరూ ఆడే హోల్డెమ్ రకం పోకర్ కాదు, మిక్స్‌డ్ గేమ్స్. కొన్ని పంపకాలకోసారి ఆటే మారిపోతుంది. చిన్న ముక్కలున్నవాడు గెలిచే రాజ్ అనే ఆటలో ఆసు అన్నిటికన్నా మంచి ముక్క, 2-7 ట్రిపుల్ డ్రా అనే ఆటకు వచ్చేసరికి అదే ఆసు అన్నిటికన్నా చెడ్డది. బడుగి అనే ఆటలో ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు ఒక్కొక్కటి చొప్పున నాలుగు చిన్న ముక్కలు కావాలి. ఒకరోజు మా డైనింగ్ టేబుల్ మీద పేక పరిచి స్టడ్ అనే ఇంకో రకం చూపించాడు. ఎదుటివాళ్ళ ముందు తెరిచిన ముక్కలు, వాళ్ళు ఆట వదిలేయగానే బోర్లా పడిపోతాయి. కాసేపయ్యాక వాటిని వరసగా అప్పజెప్పి, "మూడు నాలుగులు వెళ్ళిపోయాయి మామయ్యా, ఇంకా నాలుగు కోసం ఆగితే డబ్బు దండగ" అన్నాడు. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు రమ్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే కదా, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి అది నైపుణ్యం ఉన్న ఆట అని. నైపుణ్యం లేదని నేను ఎప్పుడూ అనను.

అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన బతుకు గడవదు. ఈ నగరంలో పోకర్ అంటే హోల్డెమ్, కాస్త ఒమాహా. స్టడ్, రాజ్ ఆడదామంటే బల్ల చుట్టూ నలుగురు దొరకరు. ఆ విద్యతో సంపాదించాలంటే లాస్ వేగస్ వెళ్ళాలి, ఒక్క ఎంట్రీకే లక్షల్లో కట్టాలి. ఎదురెదురుగా కూర్చుని ఆడే టోర్నమెంటులో గెలిస్తే మన దగ్గర 30 శాతం ఆదాయపు పన్ను. పోయిన ఎంట్రీ ఫీజులు అందులోంచి తగ్గించుకునే వీలు లేదు. ఈ ఒక్క వాక్యం మీ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ప్రభుత్వాల తీరు ఇంకా దారుణం. కర్ణాటక 2021లో నిషేధం తెచ్చింది, 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. సరే, ఆడుకోవచ్చనుకున్నారు. 2023 అక్టోబరు నుంచి ఆటగాళ్ళు వేసిన డబ్బు మొత్తం మీద కేంద్రం 28 శాతం జీఎస్టీ పట్టుకుంది. పన్ను కడుతున్నాం కదా, ఇది చట్టబద్ధమైన పనే అని పిల్లలు నమ్మారు, పెద్దలమూ నమ్మాం. తీరా ఆన్‌లైన్ ఆటల బిల్లుకు 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మూడు రోజుల్లో నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్. నిషేధం మంచిదే అనుకుందాం. మరి అన్నాళ్ళూ పన్ను ఎందుకు తీసుకున్నారు? ఇదే బ్రతుకుదెరువు అనుకుని ఉద్యోగాలు వదిలిన వాళ్ళకు కొంత గడువు ఇవ్వాలని ఒక్క అధికారికీ తోచలేదా? రేస్‌కోర్స్ రోడ్డులో గుర్రాల మీద పందేలు కాయడం మాత్రం తప్పు కాదట. ఏ లెక్కన ఒకటి ఒప్పు, ఒకటి తప్పు? అడిగితే జవాబు చెప్పేవాడు లేడు. మా వాడు ఇప్పుడు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. మధ్యలో ఏం చేశావని అడిగిన ప్రతిచోటా తల దించుకుంటున్నాడు.

ఇంకో మాట. మన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో రెండోసారి ర్యాపిడ్ చెస్ ప్రపంచ విజేత అయితే మీ పేపరు లోపలి పేజీలో వేసింది చిన్న ముక్క. నలభై ఏళ్ళకు దగ్గరపడి, తల్లయ్యాక తిరిగి వచ్చి గెలిచిన తెలుగమ్మాయికి దక్కని రెండు పేజీలు ఇక్కడ ఎలా దొరికాయి? ఒకప్పుడు మీ ఆటల పేజీ చదివి విజయవాడలో పిల్లల్ని చెస్ క్లాసుకు పంపిన తల్లిదండ్రులున్నారు. ఇప్పుడు ఏజెన్సీ పంపిన కథనాన్ని అనువాదం చేసి, డాలర్ల అంకెలు పెద్ద అక్షరాల్లో వేసి చేతులు దులుపుకుంటున్నారు.

కాబట్టి నా కోరిక ఇది. ఆ అనుబంధంలోనే, అంతే చోటిచ్చి, పోకర్‌నే నమ్ముకున్న ఒక మామూలు ఆటగాడి ఏడాది జమాఖర్చు వేయండి. ఈ దేశంలో ఇప్పుడు చట్టం ఏమంటోందో, దాని మీద సుప్రీంకోర్టులో ఏం నడుస్తోందో పక్కనే వివరంగా రాయండి. మా మేనల్లుడు ఆడిన ప్రతి ఆట, కట్టిన ప్రతి రూపాయి నోటుబుక్కుల్లో రాసుకున్నాడు. పేరు బయటపెట్టబోమని మాట ఇస్తే చూపించడానికి ఒప్పుకున్నాడు. మీ విలేకరిని మా ఇంటికి పంపండి. ఏ ఆదివారమైనా సరే, మేం ఉంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
మారతహళ్ళి, బెంగళూరు