ప్రాణాపాయం తప్పిన తర్వాత

సంపాదకుడు గారికి నమస్కారం.

తలకు దెబ్బ తగిలిన వార్తలు మీ పత్రికలో దాదాపు రోజూ వస్తుంటాయి. బండి మీంచి పడినవారు, మెట్ల మీద జారినవారు, పనిచేస్తూ ఎత్తు నుంచి పడినవారు. చివర్లో ఒకటే మాట ఉంటుంది: ‘ప్రాణాపాయం తప్పింది.’ ఆ మాట తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో చెబుదామనే ఈ ఉత్తరం.

మా అన్నయ్య మెట్ల మీంచి పడ్డాడు. తొమ్మిది రోజులు స్పృహ లేదు. ఇలాంటివారి స్పృహను కొలవడానికి 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక పద్ధతి తయారుచేశారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూ చేతులూ కదపడం, ఈ మూడింటికీ మార్కులు వేస్తారు. అతి తక్కువ 3, అతి ఎక్కువ 15. ఎనిమిది, అంతకన్నా తక్కువైతే తీవ్రమైన గాయం. అన్నయ్య 6తో చేరి 15తో ఇంటికి వచ్చాడు. పదిహేనుకు పదిహేను కదా, ఇక పూర్తిగా బాగైనట్టే అనుకున్నాం. మనిషి మెలకువలో ఉన్నాడనీ, చెప్పింది అర్థమవుతోందనీ మాత్రమే ఆ లెక్క చెబుతుంది. అతని ఓర్పు, ఉత్సాహం ఎలా ఉన్నాయో చెప్పదు. ఈ సంగతి డిశ్చార్జ్ రోజు మాకెవరూ చెప్పలేదు.

ఎవరూ లేపకపోతే అన్నయ్య మంచం దిగేవాడు కాదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుని అరిచేవాడు. స్నానం చేస్తే చాలు, అలసిపోయి మళ్లీ పడుకునేవాడు. చూడటానికి వచ్చినవాళ్లు బద్ధకం అన్నారు, ఒకాయన నటన అని కూడా అన్నాడు. దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు ఊగిపోతుంది. దాని సన్నటి నరాల పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. సీటీ స్కాన్‌లో ఇవి చాలాసార్లు కనిపించవు. ఒక పని మొదలుపెట్టడానికీ, వచ్చిన కోపాన్ని ఆపుకోవడానికీ మెదడు ముందు భాగం కావాలి. పుర్రె లోపలి గరుకు ఎముకకు రాసుకుని ఎక్కువగా దెబ్బతినేవాటిలో అదీ ఒకటి. బద్ధకంలా కనిపించింది గాయమేనని తెలియక మేమూ అన్నయ్యను చాలా మాటలన్నాం.

1848లో అమెరికాలో ఫీనియస్ గేజ్ అనే రైల్వే పనివాడి తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. మనిషి బతికాడు, కానీ స్వభావం మారిపోయి ‘ఇతను మన గేజ్ కాదు’ అన్నారట స్నేహితులు. వైద్య పుస్తకాల్లో కథ ఎక్కువగా ఇక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత అతను చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రపు బండి తోలాడు. రోజూ ఒకే వేళకు లేవడం, గుర్రాలను చూసుకోవడం, ప్రయాణికులతో మర్యాదగా మెలగడం అతన్ని మళ్లీ గాడిలో పెట్టి ఉంటాయని కొందరు పరిశోధకుల అభిప్రాయం. నాకది నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో ఆ పని పేకముక్కలు చేశాయి.

ఆర్నెల్ల తర్వాత ఒక పునరావాస కేంద్రంలో రిక్రియేషనల్ థెరపీ, అంటే ఆటలు, ఇష్టమైన పనుల ద్వారా చికిత్స చేసే ఆవిడ మమ్మల్ని మొదట అడిగింది ఇదీ: “దెబ్బ తగలకముందు ఈయనకి ఏదంటే ఇష్టం?” అప్పటిదాకా అందరూ ఏం చేయలేడనే అడిగారు. రమ్మీ అని చెప్పింది వదిన. ఎడమ చెయ్యి పట్టు తప్పడంతో ముక్కలు నిలబెట్టడానికి గాడి పెట్టిన చెక్క ఇచ్చారు. మొదట నాలుగు ముక్కలతో పది నిమిషాలు, టీవీ కట్టేసి, ఎదురుగా ఒక్కరే. ముక్కలు వరస పెట్టుకోవడం, అవతలివాళ్లు ఏం పడేశారో గుర్తుంచుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓడినా ముక్కలు విసిరికొట్టకుండా ఉండటం. చూడబోతే అన్నయ్య పోగొట్టుకున్నవన్నీ ఆ ఆటలో ఉన్నాయి! జ్ఞాపకశక్తి అభ్యాసాల పుస్తకం ఇస్తే పక్కకు నెట్టేసిన మనిషి, ముక్కలు మాత్రం తనే అడిగి తీసుకున్నాడు. మెదడు కొత్త దారులు వేసుకోవాలంటే ఒకే పని వందలసార్లు చేయాలి, ఇష్టం లేని పని ఎవరు అన్నిసార్లు చేస్తారు?

అందరికీ పేకే కానక్కర్లేదు. మొక్కలు, పాట, ఈత, బొమ్మలు గీయడం, ఏదైనా సరే. అయితే మళ్లీ తలకు దెబ్బ తగిలే ఆటలు వద్దు. మూర్ఛ వచ్చే అవకాశం ఉంటే డాక్టర్‌ని అడగకుండా, పక్కన మనిషి లేకుండా నీళ్లలోకి దిగకూడదు.

మా బీమా సంస్థ ఈ థెరపీ బిల్లు మీద ‘వినోదం’ అని రాసి తిప్పి పంపింది. ఫిజియోథెరపీ గదిలో బంతి పట్టిస్తే వైద్యం, అదే బంతి అదే చేత్తో నలుగురితో ఆడితే వినోదం! వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు ఆటనే వైద్యంలో భాగం చేసి, 1948లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మాన్ అనే వైద్యుడు పోటీలు పెట్టాడు. నేటి పారాలింపిక్స్ అక్కడే మొదలయ్యాయి. అలాంటిది తలకు గాయమైనవారి దగ్గరికి వచ్చేసరికి ఆట ఖర్చు దండగైపోయిందా? డిశ్చార్జ్ కాగితంలో మందుల పక్కనే, స్వభావంలో రాగల మార్పులు, అలసట, రోగి ఇష్టాన్ని బట్టి చేయించాల్సిన పనులు రాయాలి. పునరావాసంలో దీన్నీ చికిత్సగా లెక్కకట్టాలి. ఇది ప్రభుత్వాలు, బీమా సంస్థలు చేయాల్సిన పని.

మీకూ ఒక మనవి. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. స్నేహితులు రావడం మానేసేది కూడా అప్పుడే. ప్రాణాపాయం తప్పిందని రాసిన ఇళ్లలో ఒక్క ఇంటికైనా, వాళ్లు సరేనంటే, ఏడాది తర్వాత మీ విలేకరిని పంపండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు