పక్కపక్కన రెండు విండోలు, మధ్యల ఒక నోట్‌బుక్కు

ఎడిటర్ గారికి నమస్తే,

మాది హనుమకొండల చిన్న డ్రాయింగ్ ఆఫీసు. ఇండ్ల ప్లాన్లు, రేకుల షెడ్లు, అప్పుడప్పుడు రైస్ మిల్లు పని, గంతే. మీ పేపర్ల చదువుల పేజీ నేను వదలకుండ చదువుత, అందుల సివిల్, మెకానికల్ పిల్లలను ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి అని రాస్తరు, మంచిదే, గని ఒక దాంట్ల చేసిన పనిని పక్క దాంట్లకు ఎట్ల పంపాల్నో ఎవ్వరు రాయరు, ఎవ్వరు నేర్పరు. మా దగ్గరికి పని కోసం వచ్చే పిల్లగాండ్ల కాడ మూడు నాలుగు సర్టిఫికెట్లు ఉంటయి, ఒక్కోటి ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది. వాటి మధ్యల జరిగే పనికి సర్టిఫికెట్ లేదు, అందుకే ఈ ఉత్తరం.

2025ల ఏనుమాముల రోడ్డు దిక్కు ఒక పత్తి గోదాం షెడ్డు పని వచ్చింది. 20 మీటర్ల స్పాన్, అంటే ఈ కంబానికి ఆ కంబానికి నడుమ దూరం, రేకులను మోసే మామూలు ఇనుప ట్రస్సులు. డ్రాయింగ్ ఆటోక్యాడ్‌ల రెడీగ ఉన్నది, స్టాడ్‌ల అనాలిసిస్ చెయ్యాలె, అంటే ఏ ముక్క మీద ఎంత బరువు పడ్తదో లెక్క కట్టాలె, డిప్లొమా అయిపోయి కొత్తగ చేరిన పిల్లగానికి అప్పజెప్పిన. రెండో రోజు పొద్దుగూకినంక పోయి చూస్తె స్క్రీన్ మీద ఎడమ దిక్కు క్యాడ్, కుడి దిక్కు స్టాడ్, కీబోర్డు ముందట ఒక నోట్‌బుక్కు. క్యాడ్‌ల గీత కొసకు క్లిక్ కొట్టి ఎక్స్ ఎంత వై ఎంత చూసుడు, బుక్కుల రాసుకునుడు, మళ్ల స్టాడ్‌ల కొట్టుడు. మొత్తం 186 నోడ్లు, అంటే ముక్కలు కలిసే జాగలు. పాపం మెడ పట్టేసింది గని నోరు తెరిచి అడగలే. అన్నీ కొట్టిండు, ఒక్క కాడ 4.35కు బదులు 4.53 పడ్డది. బొమ్మల చూస్తె ఏం తెల్వది, 20 మీటర్ల షెడ్డుల 18 సెంటీమీటర్లు ఎవని కంటికి ఆనుతయి చెప్పండి. రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉన్న ట్రస్సుకు డెడ్ లోడ్ (కట్టడం సొంత బరువు) కింద ఎడమ మెంబర్, అంటే ఎడమ ఇనుప ముక్క, ఫోర్సు కుడి మెంబర్‌తోటి కలవకపోతే అనుమానమొచ్చి ఎతికినం, లేకుంటే అట్లనే ఫ్యాబ్రికేషన్‌కు పోయేది.

అరే డీఎక్స్‌ఎఫ్ తీసి అటు ఇచ్చేదుండె గదరా అంటే, అదేంది సార్ అన్నడు. గీసిన గీతలను వేరే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చేటందుకు 1982ల ఆటోక్యాడ్ మొదటి వెర్షన్‌తోటే వచ్చిన ఫైలు అది, వాళ్ల నాయన పెండ్లికంటె ముందటిది. నోట్‌ప్యాడ్‌ల తెరిచి చూపెట్టిన. లైన్ అని ఉంటది, దాని కింద 10 అని ఒక నంబరు, ఆ కింది వరుసల గీత మొదలు ఎక్స్ విలువ, 20 కింద వై, 30 కింద జెడ్, మళ్ల 11, 21, 31 కింద గీత కొసది. నువ్వు రెండు రోజులు బుక్కుల రాసింది ఇదే గదరా, అదే రాసి పెట్టింది అంటే మొఖం చూడాలె వానిది.

గని ఫైలు ఇస్తె అయిపోయిందనుకుంటె గూడ తప్పే, అసలు తిప్పలు ఆడికెల్లే మొదలైతయి. మేము క్యాడ్‌ల మిల్లీమీటర్లల గీస్తం, అటు మీటర్లు అడుగుతది. డీఎక్స్‌ఎఫ్ మొదట్ల ఇన్‌స్‌యూనిట్స్ అని ఒక లైను ఉంటది, 4 అంటే మిల్లీమీటరు, 6 అంటే మీటరు, గని దాన్ని అవతలి సాఫ్ట్‌వేర్ పట్టించుకుంటదన్న నమ్మకం లేదు, మనమే చెప్పాలె, చెప్పకుంటే 20 మీటర్ల షెడ్డు 20 వేల మీటర్లైతది. అది నయం, చూడంగనే నవ్వొస్తది, దొరికిపోతది. నవ్వు రాని తప్పులున్నయి చూడండి, అవి మనిషిని ముంచేవి. త్రీడీల గీస్తె క్యాడ్‌ల జెడ్ పైకి ఉంటది, స్టాడ్‌ల మామూలుగ వై పైకి. ఇంపోర్ట్ కాడ ఆ ముక్క అడుగుతది, చూడకుండ ఓకే కొడితె షెడ్డు పక్కకు ఒరిగి పండుకుంటది, సెల్ఫ్ వెయిట్ కిందికి పడాల్సింది అడ్డంగ పడ్తది, అయినా రిజల్టు మాత్రం మంచిగ టేబుల్ కట్టి ఇస్తది!

ఇంకోటి, మా ఆఫీసుల మస్తు సార్లు ఏడిపించింది. గీత కొసను పక్క గీత కొసకు సరిగ్గ అతికించే ఓస్నాప్ బంద్ ఉన్నప్పుడు గీసిన గీత పక్క గీతకు 2 మిల్లీమీటర్ల దూరంల ఆగిపోతది. స్క్రీన్ మీద, ప్రింటుల రెండూ తాకినట్టే కనవడ్తయి. అనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అవి రెండు వేరు వేరు నోడ్లు, ఈ మెంబర్‌కు ఆ మెంబర్‌కు సంబంధమే లేదు. ట్రస్ మెంబర్ అయితే స్టెబిలిటీ లేదని వార్నింగన్న ఇస్తది, బీమ్ అయితే గోడకు కొట్టిన మొల లెక్క ఒక దిక్కే పట్టుకొని నిలబడ్తది, ఏ వార్నింగ్ రాదు. అందుకే ఫైలు తెచ్చినంక ముందుగాల దగ్గర దగ్గర ఉన్న నోడ్లను ఎతకాలె, తెగిపోయిన ముక్కలున్నయా చూడాలె, దానికి స్టాడ్‌లనే మెనూ ఉన్నది, ఈ పిల్లగాడు ఆ మెనూ ఒక్కసారి తెరవలేదట కోర్సు మొత్తంల.

కొందరు మధ్యల ఎక్సెల్ పెడ్తరు. మావాడు గూడ అది వినంగనే ఎగిరి మెంబర్లన్నీ ఎక్సెల్ల కొట్టిండు, 3వ నోడ్ నుంచి 4వ నోడ్‌కు అంటే 3-4 అని. అది 03-ఏప్రిల్ అయ్యింది. నంబర్ కావాలె అని ఫార్మాట్ మారిస్తె 45750 అయ్యింది, మా షెడ్డుల అంత నంబరున్న నోడ్ ఏడికెల్లి వస్తది? 40-41 లాంటివి మాత్రం తేదీ కావు గనక అట్లనే ఉన్నయి, సగం మంచిగ ఉన్నయి కాబట్టి మిగతయి గూడ మంచిగనే ఉన్నయనుకున్నడు. ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేసి పెట్టుకోవాలె, లేదా మొదలుకు ఒక కాలమ్, కొసకు ఒక కాలమ్.

మీ డెస్కుల వాళ్లకు ఈ బాధ నేను చెప్పాల్నా? పాత అను ఫాంట్లల కొట్టిన తెలుగు మ్యాటర్ తీస్కపోయి యూనికోడ్‌ల పేస్ట్ చేస్తె ఏమైతదో వాళ్లకే ఎక్కువ ఎరుక. సిస్టం ఒక్కటే, అక్షరాలు తెలుగువే, అయినా ఒక దాని రాత ఇంకోదానికి అర్థం కాదు.

పెద్ద పెద్దోళ్లకు గూడ తప్పలే. ఎయిర్‌బస్ ఏ380 విమానం కట్టేటప్పుడు జర్మనీ దిక్కోళ్లు కటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల పాత వెర్షన్ 4, ఫ్రాన్స్ దిక్కోళ్లు వెర్షన్ 5 వాడిన్రు. సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కటే! వైర్లు తెచ్చి బిగించబోతె పొడుగు చాలలే. ఒక్కో విమానంల దగ్గర దగ్గర 530 కిలోమీటర్ల వైరింగు ఉంటది మరి. 2006ల ఆలస్యం మీద ఆలస్యమై మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి 2007 అక్టోబర్‌ల గని అందలే.

ఫైలు లేకుండ రెండు ప్రోగ్రాములు నేరుగ మాట్లాడుకునే దారులు గూడ ఉన్నయి, కొత్తవి కావు, విండోస్‌ల డీడీఈ అనేది 1987లనే వచ్చింది, ఆ తర్వాత అసొంటిదే కామ్ అనేది వచ్చింది. ఎక్సెల్ల ఓ చిన్న మాక్రో రాస్తె పక్కన తెరిచి ఉన్న స్టాడ్‌ను దాని ఓపెన్‌స్టాడ్ అనే దారిల పట్టుకొని 12వ నోడ్ రియాక్షన్, అంటే ఆడ పునాది మీద పడే బరువు, ఎంత అని అడిగి సెల్లుల తెచ్చి పెడ్తది, ఫుటింగ్ (పునాది) లెక్క అక్కడికక్కడ అయితది. ఇది చేసుకుందామని నేను కూసున్న నాడు పూట మొత్తం పోయింది, మాక్రో మంచిగనే ఉన్నది, స్టాడ్ మంచిగనే తెరుచుకున్నది, ఎక్సెల్‌కు మాత్రం అది కనవడ్తలేదంటది. సంగతేందంటే ఒక దాన్ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టి తెరిచిన, ఇంకోదాన్ని మామూలుగ తెరిచిన. అట్ల తెరిస్తె ఒక దానికొకటి కనవడయి. రెండూ ఒక్క తీరుగ తెరిస్తె నిమిషంల అయిపోయింది. గింత ముచ్చట ఎవరన్న ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇది 1959ల ఆర్ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) వచ్చిన ఊరు, ఇప్పుడది నిట్, కాకతీయ యూనివర్సిటీ గూడ ఇక్కడనే, పాలిటెక్నిక్‌లు, ప్రైవేటు కాలేజీలు, కోచింగ్ సెంటర్లు గల్లీకొకటి. సిలబస్ మార్చమంటలేను, సెమిస్టర్‌ల ఒక్క ల్యాబ్ పూట, ఒకే మోడల్‌ను క్యాడ్ నుంచి అనాలిసిస్‌కు, ఆడికెల్లి ఎక్సెల్‌కు తీస్కపోయి యూనిట్లు, పైకి ఏ దిక్కు, నోడ్ల లెక్క సరిపోయిందా అని చూపెడ్తె చాలు. మీరు గూడ చదువుల పేజీల ఒక ఆదివారం దీనికి కొంచెం జాగ ఇయ్యిన్రి.

అట్ల 2 మిల్లీమీటర్ల సందున్న ఒక షెడ్డు డ్రాయింగ్ ఇంకా నా సిస్టంలనే ఉన్నది, సరిచెయ్యలే, పార్టీ పేరు తీసేసి పక్కకు పెట్టిన. ఏ కాలేజీ వాళ్లకన్న ల్యాబ్‌కు కావాల్నంటె పెన్‌డ్రైవ్‌ల ఏసి ఇస్త, సందు ఏ నోడ్ కాడ ఉన్నదో మాత్రం పిల్లలకు ముందే చెప్పొద్దు.

ఇట్లు
ఒక పాఠకుడు, హనుమకొండ