ప్యాకేజీ ఒక్కటే చూడకు మామా

ఒరే మామా,

గచ్చిబౌలిలో ఆఫర్ వచ్చింది, జీతం 40 శాతం ఎక్కువ, అయినా ఏమీ తేల్చుకోలేకపోతున్నానన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని తీరిగ్గా రాస్తున్నా.

ఇంటి ఈఎంఐ కడుతున్నవాడివి, జీతం ముఖ్యం కాదని నేననను. కానీ ఆ సంతోషం తొందరగా పాతబడిపోతుంది. వెండీ బాస్‌వెల్ అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు మేనేజర్లను కొన్నేళ్లపాటు గమనించి 2005లో ఇదే రాశారు. ఉద్యోగం మారగానే తృప్తి ఒక్కసారిగా పెరుగుతుందట, తర్వాత మెల్లగా దిగిపోతుందట. కొత్తల్లుడి మర్యాదలు ఎన్నాళ్లుంటాయి చెప్పు?

నా నైట్ షిఫ్ట్ రోజులు గుర్తున్నాయిగా. తెల్లారి క్యాబ్ దిగి కర్టెన్లు మూసి పడుకుంటే, పదింటికల్లా వీధిలో కూరగాయల ఆటో మైకు. సాయంత్రం నాలుగింటికి అన్నం. పాప స్కూలు నుంచి వచ్చి "నాన్న లేచాడా?" అని గుసగుసగా అడిగేది. ఉప్పల్‌లో పగటి ఉద్యోగంలో చేరితే జీతం పెద్దగా పెరగలేదు. కానీ ఇప్పుడు రాత్రి పూట నిద్ర పడుతోంది, పాపతో కూర్చుని ఎక్కాలు చదివిస్తున్నా. నా విసుగు తగ్గిందని మీ చెల్లెలు అందరికీ చెబుతోంది.

అందుకే ముందు టైమింగ్స్ అడుగు. వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రమ్మంటారో అడుగు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి మళ్లీ ఆటో పట్టుకోవాలి. ఆ తిరుగుడు రోజూ ఉండేదే.

అయితే ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతోందని, ఇప్పుడున్న ఆఫీసులో మేనేజరు అందరి ముందూ అరుస్తున్నాడని రాశావు చూడు, అది చదివి నాకు చాలా బాధేసింది. అక్కడ మాత్రం ఉండకు. ఎంత జీతమిచ్చినా ఆ మాటలు పడాల్సిన ఖర్మ నీకు లేదు. ఇది కాకపోతే ఇంకో ఆఫర్ వస్తుంది, వెతుకుదాం.

ఇంకోటి, ఇప్పుడున్న కంపెనీలో నీకు ఐదేళ్లు నిండటానికి ఎన్నాళ్లుందో చూసుకో. నిండితే గ్రాట్యుటీ వస్తుంది, ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన. నోటీసు పీరియడ్‌తో కలిపితే సరిపోతుందేమో. పీఎఫ్ డబ్బు తీసేయకు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద ట్రాన్స్‌ఫర్ పెట్టు.

ఆదివారం ఆఫర్ లెటర్ పట్టుకుని ఇంటికి రా. అందులో వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) ఎంతో, నెలనెలా చేతికొచ్చేది ఎంతో కూర్చుని చూద్దాం. చెల్లెమ్మని కూడా తీసుకురా, ఆమె మాట కూడా వినాలి కదా.

ఉంటా మరి.