1971 యుద్ధానికి మిరాజ్ ఫొటోనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

1971లో పాకిస్తాన్ మీద గెలిచినందుకు జరుపుకునే విజయ్ దివస్ సందర్భంగా ఈ నెల 16న మీ పత్రికలో అరపేజీ వ్యాసం వేశారు. సవరణ ఏమైనా వస్తుందేమోనని తొమ్మిది రోజులు చూశాను. రాలేదు. పోనీ తెలిసినవాళ్లెవరైనా ఉత్తరం రాస్తారేమో అనుకున్నాను, అదీ కనబడలేదు. ఇక నేనే కూర్చున్నాను. చెయ్యి వణుకుతుంది కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి, కంపోజ్ చేసే అబ్బాయిని కాస్త ఓర్చుకోమనండి.

ముందు ఫొటో సంగతి. శత్రువు గుండెల్లో నిద్రపోయిన విమానాలంటూ కింద పెద్ద అక్షరాలు వేసి, పైన మిరాజ్-2000 బొమ్మ పెట్టారు. మిరాజ్ మన దేశానికి వచ్చింది 1985లో. అప్పటికి ఆ యుద్ధం అయిపోయి పద్నాలుగేళ్లు. 1971లో ఎగిరినవి హంటర్లు, సుఖోయ్-7లు, మిగ్-21లు, నాట్‌లు, మిస్టేర్లు, కాన్‌బెర్రాలు, మన బెంగళూరులోనే తయారైన మారుత్‌లు. ఇన్నిటిలో ఒక్కదాని ఫొటో కూడా మీ ఆఫీసులో దొరకలేదా? మారుత్ పేరైతే వ్యాసం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు. మనవాళ్లు చేసిన విమానం కదా, గుర్తుండదు లెండి.

తర్వాత లోంగేవాలా, రాజస్థాన్ ఎడారిలో పాకిస్తాన్ ట్యాంకులు మీద పడ్డ మన సరిహద్దు చౌకీ. అర్ధరాత్రి చిమ్మచీకట్లో మన హంటర్లు వెళ్లి ట్యాంకుల మీద బాంబుల వాన కురిపించాయట! అదే నిజమైతే అక్కడ కాపలా ఉన్న 23 పంజాబ్ బెటాలియన్ కంపెనీ జవాన్లు, వాళ్ల మేజర్ చాంద్‌పురి గారు ఆ రాత్రంతా ఇసుకలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెల్లవారడం కోసం ఎందుకు ఎదురుచూసినట్టు? హంటర్‌కి రాత్రిపూట నేలమీద ట్యాంకును వెతికి కొట్టే సాధనం లేదు. డిసెంబర్ 5న వెలుగు వచ్చాకే జైసల్మేర్ నుంచి వెళ్లాయి. అక్కడ ఉన్నవే వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని. అవే మళ్లీ మళ్లీ వెళ్లి రాకెట్లతో, 30 ఎంఎం ఫిరంగులతో కొట్టాయి. ఆ యుద్ధంలో రాత్రిపూట పని కాన్‌బెర్రా బాంబర్లది. సరుకులు మోసే ఏఎన్-12లకు కూడా బాంబులు ఎక్కించి పంపారు, ఆ సంగతి రాసి ఉంటే పిల్లలు నోరు తెరుచుకుని చదివేవారు. పైలట్ శేఖోన్ గారిని కూడా హంటర్ ఎక్కించేశారు మీ విలేకరి. డిసెంబర్ 14న శ్రీనగర్‌లో ఆయన నడిపింది నాట్. వాయుసేన మొత్తానికి ఒకే ఒక్క పరమవీరచక్ర ఆయనది. ఆ పేరు రాసేటప్పుడైనా ఒకసారి సరిచూసుకోవద్దా?

సరే, ఇవి తప్పులు. తప్పులు ఎవరైనా చేస్తారు. నన్ను నిజంగా కాల్చింది వేరే విషయం. వ్యాసం మొత్తం చదివితే పైలట్ లేచాడు, పరుగెత్తాడు, ఎగిరాడు, కొట్టాడు, వచ్చాడు. అంతే. ఆ విమానంలో ఇంధనం ఎవరు పోశారు, రాకెట్లు ఎవరు తగిలించారు, నిన్న రెక్కకు పడ్డ చిల్లు రాత్రికి రాత్రి ఎవరు పూడ్చారు? దేవతలు వచ్చి చేసి వెళ్లారు కాబోలు.

నేను అప్పట్లో పశ్చిమ సరిహద్దు దగ్గర ఒక హంటర్ స్క్వాడ్రన్‌లో, అంటే విమానాల దళంలో, ఆర్మరర్‌ని, ఫిరంగులు, రాకెట్లు చూసుకునేవాణ్ణి. వయసు ఇరవై ఒక్కేళ్లు. ర్యాంకు ఎల్‌ఏసీ (లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్), విమానం నడపని ఎయిర్‌మన్లలో కింది నుంచి లెక్కపెడితే తొందరగానే దొరుకుతుంది. 3వ తేదీ చీకటి పడేవేళ పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద పడ్డ దగ్గర్నుంచి, 17 రాత్రి కాల్పులు ఆగేదాకా మాకు తేదీలు తెలుసుగానీ వారాలు తెలియవు.

మర్నాడు ఎన్ని విమానాలు కావాలో ముందురోజు రాత్రే కబురొచ్చేది. ఏ నంబరు రెడీ, ఏది స్నాగ్‌లో (రిపేరులో) ఉందో ఫ్లైట్ సార్జెంట్ బోర్డు మీద రాసేవాడు. స్నాగ్‌లో ఉన్నది తెల్లారేసరికి రెడీ కావాలి, అది ఆయన నోటితో చెప్పక్కర్లేదు. బ్లాకవుట్ కాబట్టి లైట్లు లేవు. టార్చికి నల్లకాగితం చుట్టి, మధ్యలో బెజ్జం పెట్టి, ఆ వెలుగులోనే ఇంజిన్ వాళ్లు ఇంజిన్ కిందా, ఎలక్ట్రీషియన్లు కాక్‌పిట్‌లోనూ. డిసెంబర్ చలికి రేకు ముట్టుకుంటే వేళ్లు అతుక్కునేవి. గ్లవ్స్ వేసుకుంటే, బోల్టులు వదులవకుండా కట్టే లాక్ వైర్ మెలిపెట్టడం రాదు. అందుకని ఉత్తచేతులతోనే.

హంటర్ పొట్టలో నాలుగు ఏడెన్ ఫిరంగులు, వాటి రౌండ్ల పెట్టెలు అన్నీ కలిపి ఒకే ప్యాక్‌గా ఉండేవి. విమానం దిగి, దాన్ని దాడి నుంచి కాపాడే గోడల మధ్య చోటైన బ్లాస్ట్ పెన్‌లోకి రాగానే ఖాళీ ప్యాక్‌ని వించ్‌లతో కిందికి దించి, ముందే నింపి ఉంచినదాన్ని పైకి ఎక్కించాలి. గొట్టాలు మాత్రం విమానంలోనే ఉండిపోతాయి. ఒకవైపు బౌజర్ (ఇంధనం ట్యాంకరు) ఇంధనం పోస్తుంటే ఇంకోవైపు మేము. ఒక్కో ఫిరంగికి 130 పైచిలుకు రౌండ్లు. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే ఏడు సెకన్లలో అయిపోతాయి. ఆ ఏడు సెకన్ల కోసం రాత్రంతా బెల్టు మీద ఒక్కో రౌండునీ వేలితో తడిమి చూసేవాళ్లం. ఒక్కటి వంకరగా కూర్చుంటే చాలు, ఫిరంగి పట్టేస్తుంది. కింద ట్యాంకులవాళ్లు పైకి కాలుస్తుంటే పైలట్ అక్కడ వట్టి ట్రిగ్గర్ నొక్కుకుంటూ ఉండాలి. పేలిన రౌండ్ల లింకులు విమానం కింద రెండు బుడిపెల్లో పోగయ్యేవి. దిగిందే తడవు వాటిని దులిపేయడం కూడా మా పనే.

రాకెట్ల పని ఇంకో రకం టెన్షన్. వాటి కరెంటు తీగ ముందే తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంజిన్ స్టార్టయి, విమానం రన్‌వే మొదటికి వెళ్లి ఆగాక, ఎదురుగా మనిషీ బండీ లేవని చూసుకుని, అప్పుడు రెక్క కింద వంగి తగిలించాలి. ఆ మోతలో పక్కవాడు అరిచినా వినబడదు, అంతా చేతిసైగలే. నా కుడిచెవి అప్పటి నుంచీ అంతంతమాత్రం.

పైలట్‌ని సీట్లో కట్టేది కూడా నేలమీదివాడే. ఎజెక్షన్ సీటు పిన్నులు లాగి, పైలట్ కళ్లముందు పెట్టి చూపించి, నిచ్చెన దిగుతాడు. ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుంది. ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్, రేడియో, ఆర్మమెంట్, ఎవరి ట్రేడ్ వాళ్లు సంతకం పెట్టాకే పైలట్ సంతకం. నా సంతకం కింద ఒక మనిషి ప్రాణం ఉందని ఇరవై ఒక్కేళ్లకే తెలిసింది. తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ కాగితం మీదా అంత భయపడి సంతకం పెట్టలేదు.

వెళ్లినవి వచ్చేదాకా ఎవరూ టీ ముట్టేవాళ్లు కాదు. నాలుగు వెళ్తే ఆకాశంలోకి చూసి నాలుగు లెక్కపెట్టుకోవాలి. ఒకరోజు మూడే వచ్చాయి. నాలుగో విమానం మనుషులు పెన్ దగ్గర నిచ్చెన పట్టుకుని చీకటి పడేదాకా నిలబడ్డారు. వెళ్లిపొమ్మని చెప్పడానికి ఫ్లైట్ సార్జెంట్‌కి నోరు రాలేదు. రాత్రి మళ్లీ బోర్డు మీద నంబర్లు రాశాడు, ఒకటి తక్కువ.

పైలట్లను తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. మా పైలట్లు మా భుజం తట్టి ఎక్కేవారు, దిగాక ముందు మాకే చెప్పేవారు ఫిరంగులు బాగా పనిచేశాయని. ఈ తేడా వాళ్లు చూపించలేదు, మీ పత్రికలు చూపిస్తున్నాయి.

పత్రికలనే అనడం దేనికి, మొన్న జరిగిన విజయ్ దివస్ సభలో మా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయట. వేదిక మీదున్న ప్రతి ఒక్కరినీ యాంకర్ 'కెప్టెన్ గారూ' అని పిలిచింది. నన్ను కూడా. నేను ఎయిర్‌మన్‌నమ్మా అంటే, 'ఓ, పైలటా!' అంది. ఏం చెప్తాం! పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళ్తే కౌంటర్లో కుర్రాడు నా వేలిముద్ర పడటం లేదని మూడుసార్లు తిప్పి పంపాడు. ముప్పై ఏళ్లకు పైగా నూనెలో, గ్రీజులో నానిన వేళ్లు బాబూ, గీతలు ఎక్కడ మిగులుతాయి?

ఇప్పుడు టీవీలో రోజూ ఒకటే చర్చ. వాయుసేనకు 42 స్క్వాడ్రన్లు ఉండాల్సింది, 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక 29కి వచ్చాయని. కొత్త తేజస్‌లు 2021లో 83 ఆర్డరిచ్చారు, ఇంజిన్లు రాలేదని ఒకరు, వస్తున్నాయని ఇంకొకరు. విమానాలు రావాల్సిందే, కాదనను. కానీ ఆ గంటసేపు అరుచుకునేవాళ్లలో ఒక్కరైనా విడిభాగాల స్టోరు గురించి గానీ, రాత్రి డ్యూటీకి ఎంతమంది ఫిట్టర్లు ఉన్నారని గానీ అడగగా నేను వినలేదు. హాంగర్లో పడి ఉన్న విమానాన్ని కూడా లెక్కలో కలిపేసుకునే తెలివి వీళ్లది.

పూర్వం మీ పత్రికలోనే ఇలాంటి వ్యాసం వేసేముందు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి అడిగేవారు. ఇప్పుడు దేన్ని చూసి రాస్తున్నారో తెలియదు. మా కాలంవాళ్లు ఇంకా కొందరం మిగిలే ఉన్నాం, అడిగితే చెప్తాం. ఒక చెవి వినబడదు కాబట్టి కాస్త గట్టిగా అడగాలి.

సవరణ వేస్తే ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే వేయండి, టెండరు ప్రకటనల కింద కాదు. ఫొటో వేయదలచుకుంటే నా దగ్గర ఒకటి ఉంది. హంటర్ రెక్క కింద ఏడుగురం నిలబడి ఉన్నాం, పైలట్ లేడు. కాపీ తీయించి పంపిస్తాను, తిరిగి ఇస్తామంటే అసలుదే పంపిస్తాను. దయచేసి మిరాజ్ మాత్రం మళ్లీ వేయకండి.

— ఒక విశ్రాంత ఎయిర్‌మన్
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)