మొంథా తుపానులో మా వీధిని కాపాడినవాళ్లకు

అందరికీ నమస్కారం. కరెంటు, నెట్ వచ్చాయి, లేచిపోయిన పెంకులు సర్దించుకున్నాం. ఇప్పటికి కూర్చుని రాయగలుగుతున్నాను. 2025 అక్టోబర్ 28 మంగళవారం రాత్రి మొంథా తుపాను మా నరసాపురం వైపునే తీరం దాటింది. మా వీధిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అది ఎవరెవరి వల్ల జరిగిందో చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

మాది కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మా ఆయన మస్కట్‌లో పని చేస్తున్నారు. ఇంట్లో నేను, మా అత్తయ్యగారు, పాప. పాత పెంకుటిల్లు, ఒక పక్క గోడ బీటలు వారింది. తుపాను వస్తుందంటే ముందు ఖాళీ చేయించేది ఇలాంటి ఇళ్లనీ, పాకలనీ, పల్లంలో ఉన్నవాటినీ. ఆ లెక్కన మా వీధంతా జాబితాలో ఉంది.

"ఇళ్లు ఖాళీ చేయండి" అని మైకులో చెప్పి వెళ్లిపోతే ఎవరూ కదలరు. కదలకపోవడానికి ప్రతి ఇంటికీ ఒక కారణం ఉంటుంది. మా ఇంట్లో చూడి గేదె. పక్కింట్లో వలలు, బోటు ఇంజను. ఎదురింట్లో నెలలు నిండిన అమ్మాయి. వీధి చివర మంచం దిగలేని తాతగారు. మా ఊరి సచివాలయం వాళ్లు, వీఆర్వోగారు, ఆశా అక్క, అంగన్‌వాడీ టీచరుగారు ఆ కారణాలు ఒక్కొక్కటీ ఓపిగ్గా విన్నారు. విని, ఒక్కొక్కదానికీ దారి చూపించారు. నేను చేతులెత్తి దణ్ణం పెడుతున్నది ముఖ్యంగా దానికే.

అన్నిటికంటే కష్టం మా అత్తయ్యగారిని ఒప్పించడం. "96లో ఇంతకంటే పెద్ద గాలి వచ్చింది, ఇల్లు వదిలామా? నేను రాను, మీరు వెళ్లండి" అని కూర్చున్నారు. 1996 నవంబర్ 6 తుపాను సంగతి మా వైపు పెద్దవాళ్లెవరినడిగినా చెబుతారు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వీఆర్వోగారు ఆవిడ ముందు అరుగు మీద కూర్చుని, "అవునమ్మా, మీరు బతికారు. మీతో పాటు ఆ రాత్రి ఇళ్లల్లోనే ఉన్నవాళ్లు అందరూ బతికారా?" అని మెల్లగా అడిగారు. తర్వాత దివిసీమ గురించి చెప్పారు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా ప్రాణాలు పోయిన తర్వాతే మన తీరంలో తుపాను షెల్టర్లు కట్టించడం ఊపందుకుందనీ, కింద గోడలు లేకుండా స్తంభాల మీద కట్టేది ఉప్పెన నీరు వస్తే కిందనుంచి పోవడానికేననీ వివరించారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం అధికారులు ఖాళీ చేయమంటే చేయాల్సిందే, మొండికేస్తే శిక్ష కూడా ఉంది. ఆ మాట ఆయన నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. పెద్దావిడ దగ్గర చట్టం ఎత్తకుండా గౌరవంగా మాట్లాడినందుకు ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అయినా గేదె దగ్గర ఆవిడ మళ్లీ ఆగిపోయారు. అప్పుడు పశువుల ఆసుపత్రి నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. మెరకలో ఉన్న ఏటిగట్టు పక్కకి మా గేదెతో పాటు వీధిలో పశువులన్నిటినీ తోలించాడు. "తోలలేనివాటిని కనీసం కట్టు విప్పి వదలండి. తుపానుల్లో పశువులు ఎక్కువగా చచ్చేది కట్రాటకు కట్టేసి వెళ్లడం వల్లే" అని ఇంటింటికీ చెప్పాడు. ఇది తీరంలో ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. గేదె క్షేమంగా ఉంది.

ఎదురింటి అమ్మాయిని ఆశా అక్క ఆదివారమే ఆసుపత్రికి పంపించేసింది. ఈసారి కాన్పు దగ్గరపడ్డవాళ్లను ముందుగానే తరలించడం చాలాచోట్ల జరిగింది, అది ఎంత మంచి పనో ఆడవాళ్లకు తెలుస్తుంది. రోడ్ల మీద చెట్లు పడ్డాక అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కడికి రాగలదు? తాతగారిని మా వీధి కుర్రాళ్లే మంచంతో సహా ఆటో ట్రాలీ ఎక్కించారు. బాబూ, మీరందరూ చల్లగా ఉండాలి.

మేం షెల్టర్‌కి వెళ్లింది కార్తీక సోమవారం సాయంత్రం. అత్తయ్యగారు ఉపవాసం. నక్షత్రం చూడందే ఏమీ తినరు, ఆకాశమేమో మబ్బు. అంగన్‌వాడీ టీచరుగారు ఆ హడావిడిలో కూడా గమనించి, పాలు, అరటిపళ్లు తెచ్చి "శివయ్యకి తెలుసమ్మా, తీసుకోండి" అని దగ్గరుండి తాగించారు. డ్వాక్రా అక్కలు వంట చూసుకున్నారు. పిల్లలకు వేడివేడిగా ఉప్మా, పెద్దలకు అన్నం, సాంబారు. మా పాప ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ తింది.

మంగళవారం కాకినాడ పోర్టులో 10వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిసినప్పుడు నిజంగా భయమేసింది. అది పెను ప్రమాదపు గుర్తు, తుపాను ఆ దగ్గర్లోనే తీరం దాటబోతోందని అర్థం. మస్కట్ నుంచి మా ఆయన ఒకటే టెన్షన్, సిగ్నల్ పోతే ఇక ఆయన పరిస్థితి చెప్పక్కర్లేదు. సచివాలయంలో పనిచేసే చెల్లెమ్మ ముందే ఆయన నంబరు రాసుకుని, "షెల్టర్‌లో క్షేమంగా ఉన్నారు" అని మెసేజ్ పెట్టింది. ఊరి నుంచి బయట ఉన్నవాళ్ల కోసం ఇంకో మాట: విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్లు 112, 1070, 1800 425 0101. ముందే ఫోన్‌లో దాచుకోండి.

రాత్రి గాలి మొదలయ్యాక తలుపు దగ్గర కాపలా కూర్చున్న కుర్రాళ్లు చేసిన మేలు మరచిపోలేనిది. మధ్యలో గాలి కాస్త తగ్గితే మగవాళ్లు ఇల్లు చూసొస్తామని లేచారు. "తుపాను కన్ను మన మీదుగా పోతే కాసేపు ప్రశాంతంగానే ఉంటుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి గాలి కొడుతుంది. అధికారులు చెప్పేదాకా ఒక్కరూ కదలొద్దు" అని అడ్డుగా నిలబడ్డారు. మన జిల్లాలోనే మామిడికుదురు మండలంలో చెట్టు పడి ఒక మహిళ చనిపోయారు. ఆ కుటుంబాన్ని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

తెల్లారాక రోడ్డుకి అడ్డం పడ్డ చెట్లను రంపాలతో కోసి తీసినవాళ్లకు, వానలో స్తంభాలెక్కిన లైన్‌మెన్ అన్నలకు కూడా మా నమస్కారాలు. పునరావాస కేంద్రాల్లో ఉన్నవాళ్లకు మనిషికి 1,000 రూపాయలు, కుటుంబానికి గరిష్ఠంగా 3,000, ఇంటికి 25 కిలోల బియ్యం, మత్స్యకారులకు, చేనేత కుటుంబాలకు 50 కిలోలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. రోజు కూలి మీద బతికే ఇళ్లకు అది చిన్న విషయం కాదు. పని పోతుందన్న భయంతో ఇల్లు వదలనివాళ్లు కూడా ఉంటారు మరి.

ఒక లోటు మాత్రం చెప్పాలి. అంతమంది ఆడవాళ్లకు మరుగుదొడ్లు సరిపోలేదు. చీకట్లో వెళ్లడానికి జంకి చాలామంది మంచినీళ్లు తాగడమే మానేశారు. షెల్టర్ పక్కింటి పిన్నిగారు తమ బాత్రూమ్ తాళం తీసి, గుమ్మంలో లాంతరు పెట్టి రాత్రంతా మేలుకున్నారు. పిన్నిగారూ, మీ మేలు మేమెవ్వరం మర్చిపోం. కానీ మళ్లీ తుపానుకి పక్కింటివాళ్ల మంచితనం మీద ఆధారపడకూడదు కదా.

అందుకే వచ్చే గ్రామసభలో రెండు సంగతులు అడగబోతున్నాను. షెల్టర్‌లో ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్లు, జనరేటర్ లేకపోయినా వెలిగే సోలార్ లైట్లు. అర్జీ రాసి పెట్టాను. ఆ రాత్రి అక్కడున్న అక్కాచెల్లెళ్లు సంతకం పెట్టడానికి మా ఇంటికి రండి, కదలలేనివాళ్లు కబురు పెడితే నేనే తీసుకొస్తాను.