నాన్నగారికి, నా మెడలోని బిళ్ళ గురించి

మ్యూనిక్

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కరించి మీ అమ్మాయి రాయునది.

ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమం. ఈ ఉత్తరాన్ని ముందు మీరొక్కరే చదువుకుని, భోజనాలయ్యాక అమ్మకు నెమ్మదిగా వినిపించండి. రెండు నెలలుగా ఫోనులో నా గొంతు బొంగురుగా ఉంటే జలుబని చెప్పాను. అది జలుబు కాదు. థైరాయిడ్ గ్రంథి మొత్తాన్నీ, మెడకు ఎడమ పక్కనున్న బిళ్ళలనూ, అంటే లింఫ్ గ్రంథులనూ, ఆపరేషన్ చేసి తీసివేశారు. జబ్బు పేరు పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్. ఆ మాట చూసి కంగారు పడకండి. చికిత్స ముగిశాకే రాస్తున్నాను.

అప్పట్లో నా మెడలో కట్టిన, నాయనమ్మ గండమాల అన్న బిళ్ళే అది. అప్పుడు టీబీ అని ఆరు నెలలు మందులు వాడాను, కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. ఇక్కడ స్కానింగులో అది గట్టి బిళ్ళ కాదనీ, లోపల నీరు నిండిన తిత్తి అనీ తేలింది. సూదితో తీస్తే ముదురు గోధుమరంగు ద్రవం వచ్చింది కానీ, అందులో క్యాన్సర్ కణం ఒక్కటీ కనబడలేదు. పుట్టుకతో వచ్చిన తిత్తేమో అని మొదట అనుకున్నారు. అయినా డాక్టరమ్మ ఊరుకోక, అదే ద్రవంలో థైరోగ్లోబులిన్ అనే ప్రోటీన్ ఎంత ఉందో చూడమని పంపారు. దాన్ని తయారుచేసేది థైరాయిడ్ కణాలే కాబట్టి మెడ పక్కనున్న బిళ్ళలో అది కనబడకూడదు. చాలా ఎక్కువగా ఉంది, అంటే థైరాయిడ్ క్యాన్సరే ఆ బిళ్ళకు పాకిందన్నమాట. అసలు కణితి థైరాయిడ్‌లో 4 మిల్లీమీటర్లే, పెసరగింజంత. చేతికి తగలదు. థైరాయిడ్ రక్తపరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆనాడు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది మీరు కాబట్టి తప్పంతా మీదేనని మీరు కుమిలిపోతారని నాకు తెలుసు. అలా అనుకోవద్దు, నాన్నగారూ. మన దేశంలో మెడలో బిళ్ళ కడితే ముందు టీబీ అనుకోవడం సహజమే. మందులకు ముందు సూది పరీక్ష చేయించి ఉంటే బాగుండేదని మాత్రం నాకూ అనిపిస్తుంది. ఈ రకం చాలా నెమ్మదిగా పెరుగుతుంది కనుక ఆలస్యం వల్ల చికిత్స మారలేదన్నారు. 55 ఏళ్ళలోపు వారికి మెడ బిళ్ళలకు పాకినా, దూరపు అవయవాలకు చేరకపోతే దీన్ని మొదటి దశగానే లెక్కిస్తారు.

ఎందుకు దాచావని అమ్మ అడుగుతుంది. మీ కంటి ఆపరేషన్ వారంలోనే నాదీ జరిగింది, అమ్మ ఎవరి దగ్గరని ఉంటుంది?

ఆపరేషన్ తరువాత రేడియో అయోడిన్ ఇచ్చారు, మిగిలిన థైరాయిడ్ కణాలను రేడియేషన్‌తో చంపే మందు అది. అంతకు ముందు రెండు వారాలు ఒంట్లో అయోడిన్ తగ్గించాలని పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, అయోడిన్ ఉప్పు, సముద్రపు ఉప్పు అన్నీ మానమన్నారు. ఆవకాయ కళ్ళెదుటే ఉంది, కల్లుప్పుతో పెట్టినది కదా, మూత తీయలేదు. అయోడిన్ కలపని ఉప్పుతో పప్పు వండుకుని తిన్నాను. పెరుగు లేకుండా భోజనం ముగించడం ఆపరేషన్ కంటే కష్టమైంది, అమ్మకు ఇది అర్థమవుతుంది.

మందు మింగాక ఇక్కడ కనీసం 48 గంటలు ఆసుపత్రిలోనే ఉంచుతారు. నేను మూడు రోజులున్నాను. ఎవరూ లోపలికి రాకూడదు. ఆ గదుల మరుగుదొడ్డి నీటిని కూడా ట్యాంకుల్లో నిలవచేసి, రేడియేషన్ తగ్గాకే వదులుతారు. ఆ అయోడిన్ శక్తి 8 రోజులకు సగమవుతుంది. ఇంటికి వచ్చాక కూడా వారం రోజులు చిన్నదాన్ని ఎత్తుకోలేదు. గుమ్మం అవతల నిలబడి చేతులు చాచేది. ఇప్పుడు నా పక్కనే పడుకుంటోంది.

రెండో బిడ్డ సంగతి అమ్మ ఇక అడగవద్దు. ఈ మందు తరువాత ఏడాది ఆగమన్నారు, ఆ తరువాత ఇబ్బంది లేదు.

ఆఫీసుకు వచ్చే నెల వెళతాను. ఇకపై జీవితాంతం ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, కాఫీ ఆ తరువాతే. ఒంట్లో కాల్షియాన్ని అదుపులో ఉంచే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని వేళ్ళకు తిమ్మిర్లు వచ్చేవి, కాల్షియం మాత్రలతో తగ్గాయి. జబ్బు తిరగబెట్టలేదని చూసేందుకు కొన్ని నెలలకొకసారి థైరోగ్లోబులిన్ పరీక్ష ఉంటుంది.

తమ్ముడి మెడ కూడా ఒకసారి చూపించండి, నా తృప్తి కోసం.

నిన్న రాత్రి ఆవకాయ మూత తీశాను. నాలుకకు ఇంకా రుచి సరిగ్గా తెలియడం లేదు, కారం మాత్రం తెలిసింది. ఆదివారం ఫోన్ చేస్తాను. అమ్మను ఏడవకుండా మాట్లాడమనండి.

మీ అమ్మాయి