నామినేషన్ వేసే ముందు అడగాల్సిన కాగితాలు

సంపాదకులకు,

మన జిల్లాల్లో ఇంజినీర్లు, ఫార్మసిస్టులు నడుపుకొనే సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. కార్యదర్శి, కోశాధికారి పదవులకు నామినేషన్లు రాక ఏళ్ల తరబడి పాతవారే మోస్తున్న సంఘాలను చూస్తే బాధ కలుగుతుంది. ఆసక్తి లేక కాదు, పనేమిటో తెలియకే చాలామంది వెనకాడుతున్నారు.

ముందు బైలా, అంటే సంఘం నియమావళి, చదవాలి. చందా బకాయి ఉంటే నామినేషన్ చెల్లుతుందా, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత అన్నది అందులోనే ఉంటుంది. కోశాధికారి కాదలచినవారు ఒక ఏడాది సహాయకుడిగా ఉండి, మార్చి 31 లెక్కల ముగింపు, ఆడిట్ దగ్గరుండి చూడడం మేలు.

అసలు చిక్కంతా పాత కార్యవర్గం కొత్తవారికి చేసే అప్పగింతల్లోనే. మినిట్స్ (సమావేశ నిర్ణయాలు రాసే) పుస్తకం, సభ్యుల రిజిస్టరు, నగదు పుస్తకం, వాడని చెక్కులు, పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ పత్రం... అన్నిటికీ జాబితా రాసి ఇరుపక్షాలూ సంతకం చేయాలి. బ్యాంకు ఖాతాకు పాత కార్యదర్శి సొంత ఫోన్ నంబరే ఉంటే ఓటీపీలు ఆయనకే పోతాయి; మొదటి వారంలోనే మార్పించాలి. సంతకందారుల మార్పుకు బ్యాంకు తీర్మానం నకలు అడుగుతుంది. అందులో పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు దగ్గర తేడా వస్తే కాగితం వెనక్కి వస్తుంది. కొత్త కార్యవర్గం జాబితాను సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఇది మరిచిన సంఘంలో వివాదం రేగితే రికార్డుల్లో పాత కమిటీయే కనిపిస్తుంది.

ఎన్నికల ప్రకటనలోనే ఏ పదవికి వారానికి ఎన్ని గంటలు పడుతుందో, ఏ నెలల్లో పని ఎక్కువో రాయాలని సంఘాలను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం